అసలు విరిచాకే నకలు

నలభై ఒకటో పోటు, ఒకటో రోజు

సూర్యపోటు తగ్గిందని కేక వినబడ్డ గంటలోపే మా వీధి వీధంతా డిస్కుల డబ్బాలు ముందేసుకుని కూర్చుంది. ప్రతి పోటుకీ ఇదే తంతు. సూర్యుడు ఓ ఊపు ఊపి వెళ్ళేసరికి పంపుకి నీళ్ళు తోడటం గుర్తుండదు, పొయ్యికి వెలగడం గుర్తుండదు, తలుపుకి ఇంటివాళ్ళెవరో గుర్తుండదు. డబ్బాలోంచి ఒక్కో డిస్కూ తీసి, ఒక్కోదానికీ దాని పని మళ్ళీ ఎక్కించాలి. గాజు డిస్కుల జోలికి మాత్రం పోటు రాదు. అందుకే ఇప్పుడు జనం బంగారం బల్ల మీద పడేసి, డిస్కులు బీరువాలో దాచుకుంటున్నారు.

మా ఇంట్లో వరస పంపు, పొయ్యి, ఆ తర్వాత తాయారు గొంతు. ఈ వరస పెట్టింది నా భార్య తాయారే. టీ తాగకుండా మాట్లాడి ఎవర్ని ఉద్ధరించాలి అంటుంది. తొమ్మిదేళ్ళ కింద కంతి లేచి ఆమె గొంతు తీసేయాల్సొచ్చింది. తీసేముందు ఓ కంపెనీ వాళ్ళు పదకొండు రోజులు గాజు గదిలో కూర్చోబెట్టి, మాట్లాడించి, ఆ గొంతుని డిస్కులోకి ఎక్కించి ఇచ్చారు. మెడకి కట్టుకున్న చిన్న పెట్టెలో ఆ డిస్కు పెట్టి ఎక్కిస్తే, ఆమె పెదవులు కదిలిన ప్రకారం ఆమె గొంతే పలుకుతుంది. వాళ్ళిచ్చిన వాక్యాలు చదివీ చదివీ విసుగొచ్చి, అద్దం అవతల కూర్చున్న నన్ను మధ్యమధ్యలో తిట్టిపోసేది. అదీ రికార్డయింది. అందుకని మామూలు మాటల్లో కాస్త జీర వినిపించినా, తిట్లు మాత్రం అచ్చం ఆవిడవే.

ఇవాళ డిస్కు ఆరుసార్లు పెట్టినా పెట్టె చదవలేదు. ఏడోసారి చదివింది. ఆమె నోరు తెరిచి మొట్టమొదట అన్నమాట ఇది: "ఏవండీ, ఈ లోపల నాలుగు టీలు తాగేశాను. ఇహ రాత్రికి నాకు నిద్ర పట్టకపోతే కబుర్లు చెప్పాల్సింది మీరే."

డిస్కు మీద గీతలు పడ్డాయి. కాస్త భయం వేసింది గానీ, నకలు ఆఫీసులో ఉంది కదా అనుకున్నాను.

నలభై ఒకటో పోటు, అయిదో రోజు

నేను పేరి కూర్మారావుని, నకళ్ళ ఆఫీసులో సీలు గుమాస్తాని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క దొంగ నకలు నా బల్ల దాటలేదు. ఈ మాట తాయారు దగ్గర అంటే, "మీ బల్ల ఎవరికీ నచ్చక దాటలేదు" అంటుంది.

ఇవాళ ఓ పెద్దావిడ పంపు డిస్కు పాడైందని వచ్చింది. మామూలు పనే. ఎవరి డిస్కుకైనా ఒక్క నకలు తీయించుకోవచ్చు. ఆ నకలు మా ముందే సీలేసి మా బీరువాలోకి వెళ్తుంది. అసలు పాడైతే, మూడుసార్లు చదవనని మొరాయిస్తే, దాన్ని ఇద్దరు సాక్షుల ముందు విరిచి, ఆ తర్వాతే నకలు సీలు తీయాలి. అసలు బతికుండగా నకలు పెట్టి చూడటం నేరం. ఒకే డిస్కుని ఇద్దరు వాడుకున్నట్టు లెక్క.

ఆవిడ అడిగింది. "నాయనా, నకలు పనిచేస్తుందో లేదో చూసి, అప్పుడు దీన్ని విరవొచ్చుగా?"

"అమ్మా, అందరూ అలాగే చూస్తే ఊళ్ళో ప్రతి డిస్కూ రెండు డిస్కులవుతుంది," అన్నాను.

విరిచాను. నకలు తీశాను. పంపు పనిచేసింది. ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది. నాకా దండం బాగానే అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

నలభై ఒకటో పోటు, పన్నెండో రోజు

తాయారు డిస్కు పట్టుకుని మస్తాన్ దుకాణానికి వెళ్ళాను. మస్తాన్ డిస్కుల మీద గీతలు తుడిచి మెరుగుపెడతాడు. పాతికేళ్ళుగా ఎరుగుదును. నన్ను బాబాయ్ గారూ అంటాడు, తాయారు చేతి పులిహోర కోసం ఏ వంకనైనా మా ఇంటికొస్తాడు.

భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"పైగీత తుడుస్తాను బాబాయ్ గారూ. లోపలిది నా వల్ల కాదు. ఇంకో పోటు గట్టెక్కుతుంది, రెండు గట్టెక్కితే మన అదృష్టం. నా మాట విని ఇప్పుడే ఇంకోటి చేయించెయ్యండి."

"ఆఫీసులో నకలుంది కదయ్యా."

మస్తాన్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. "ఈ కంపెనీ డిస్కులకి లోపల తాళం ఉంటుందండీ. ప్రోగ్రాము భాగం నకలు అవుతుంది. మనిషి గొంతున్న భాగం మాత్రం తాళంలో ఉంటుంది. మీ ఆఫీసు మిషను తాళం తియ్యదు కదా. ఆ నకళ్ళు బోలుగా వస్తున్నాయని వింటున్నాను."

"ఎవరు చూశారు?"

"ఎవరు చూస్తారు? చూడకూడదని మీరేగా రూలు పెట్టారు." నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. "నాకు పది నిమిషాలివ్వండి. తాళం తీసి, పూర్తిగా ఇంకో నకలు చేసి ఇస్తాను. పిన్నిగారు బట్టల పెట్టెలో దాచుకుంటారు. మూడో కంటికి తెలీదు."

రెండో నకలు తీయడమే తప్పు, తాళం తీయడం ఇంకా పెద్ద తప్పు. ఆ కంపెనీ మూతబడి ఆరేళ్ళయింది. హక్కులు ఎవరి చేతికి పోయాయో కనుక్కున్న నాథుడు లేడు. అయినా హక్కులు హక్కులే. నేను సీలు గుమాస్తాని. నా ఇంట్లో దొంగ డిస్కు దొరికితే, ఇరవై ఆరేళ్ళుగా ఎవరెవరి డిస్కులు విరిచానో వాళ్ళ మొహాలు ఎలా చూడను?

డిస్కు జేబులో వేసుకుని వచ్చేశాను. టీ కూడా తాగలేదని నొచ్చుకున్నాడు.

నలభై ఒకటో పోటు, పదమూడో రోజు

మస్తాన్ తాయారుకి చెప్పేశాడు. పొద్దున్నే అందుకుంది.

"పది నిమిషాలు ఇస్తే ఏం పోయింది మీకు?"

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోనివ్వండి, నేను ఇడ్లీలు వేసి అమ్ముతాను. నా గొంతు పోతే మీ ఆఫీసు వాళ్ళు మాట్లాడతారా నాతో?"

"నకలు నా చేత్తో సీలేశాను తాయారూ. మాన్యువల్లో స్పష్టంగా ఉంది, నకలు సంపూర్ణంగా ఉండవలెను అని."

"ఉండవలెను అని ఉంది. ఉంది అని ఉందా?"

ఆడవాళ్ళకి చట్టం అర్థం కాదని ఓ వెర్రిమాట అనేసి స్నానానికి లేచాను. తలుపు బయట ఇంకో పావుగంట తిట్టింది. ఎంత బాగా తిట్టిందంటే, లోపల నాకు నవ్వాగలేదు. వచ్చేసరికి కోపం తగ్గింది. "సరే, మీరు చెప్పారు కాబట్టి నమ్ముతున్నాను" అంది. ఆ మాట అనమని నేను అడగలేదు, తనంతట తనే అంది.

నలభై ఒకటో పోటు, ముప్పై ఏడో రోజు

రేపు పోటు అని చాటింపు వేశారు. ఆఫీసులో పెండింగు ఫైళ్ళు నలభై మూడు. కొత్త సీళ్ళు రాలేదు. మైనం తక్కువైంది.

నలభై రెండో పోటు, ఒకటో రోజు

పంపు ఎక్కింది, పొయ్యి ఎక్కింది. తాయారు డిస్కు ఎక్కలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారికి ఆగాను. మూడు దాటితే చెడ్డ డిస్కు కిందే రాసుకోవాలి.

తాయారు పలక మీద రాసింది: కిందటిసారి ఏడోసారికి చదివింది కదా.

మస్తాన్ కబురు పెట్టాడు, ముప్పై సార్లైనా పెట్టి చూడమని, తనే వచ్చి ఓపిగ్గా పెడతానని. ఎన్నాళ్ళీ తాపత్రయం అనుకున్నాను. మంచి నకలు సీలుతో సహా కూర్చునుంటే, పగిలే డిస్కుతో పడే పాట్లేమిటి అనుకున్నాను. రేపు ఆఫీసులో దరఖాస్తు పెడతానని తాయారుతో చెప్పాను.

ఆమె మళ్ళీ రాసింది: మీరు చూశారుగా? నకలు బాగానే ఉందా?

"నేనే సీలేశాను," అన్నాను.

తలూపింది. పలక తుడిచేసింది.

నలభై రెండో పోటు, రెండో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

పదిన్నరకి ఆఫీసు. సాక్షులు ఇద్దరు, రిజిస్ట్రారు ఇందుమతి గారు, టైపిస్టు. ఇంటివాళ్ళ డిస్కు ఇంకొకరి చేత విరిపించుకోవచ్చు. ఇందుమతి గారు అడిగారు కూడా. నేనే విరుస్తానన్నాను. ఎక్కువ ముక్కలు కాకుండా విరవడం నాకు చేతనవును, అదో గర్వం. గుడ్డలో చుట్టి, బల్ల అంచుకి ఆనించి, అరచేత్తో ఒక్క నొక్కు. రెండు ముక్కలైంది. తాయారు ఎదురుగా బెంచీ మీద కూర్చుని చూస్తోంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది, బయటికి వెళ్తున్నాం కదా అని.

సీలు తీశాను. నకలు మొదటిసారికే చదివింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పెట్టె ఆమె మెడకి కట్టి, మీట నొక్కి, "ఊఁ, కానీ" అన్నాను.

"ఏవండీ, అయిపోయిందా?"

అది తాయారు కాదు. ఎవరో పాతికేళ్ళ అమ్మాయి. శుభ్రంగా, తడబాటు లేకుండా, వార్తలు చదివినట్టు. మా వైపు యాస లేదు. ఏవండీ అనేటప్పుడు ఆ మధ్య అక్షరాన్ని తాయారు కాస్త లాగుతుంది, ముప్పై రెండేళ్ళుగా అలాగే లాగుతుంది, ఆ లాగుడు లేదు. కంపెనీ పెట్టెతోపాటు ఊరికే వచ్చే గొంతు అది. తాళం వేసిన భాగం రాలేదు. మస్తాన్ చెప్పినట్టే, బోలు.

తాయారు మెడ పట్టుకుంది. నావైపు చూసింది. "ఇది నేను కాదండీ," అంది ఆ అమ్మాయి గొంతు.

ఇందుమతి గారు మెల్లిగా అన్నారు. "కూర్మారావు గారూ, పెట్టె పలుకుతోంది కదండీ. ప్రోగ్రాము పనిచేస్తున్నట్టే. రిజిస్టరు పూర్తి చెయ్యాలి."

రిజిస్టరు నా ముందుకు జరిపారు. నేను పూర్తి చేశాను. నకలు సక్రమం అని రాసి, సంతకం పెట్టాను. ఈ చేత్తోనే.

నలభై రెండో పోటు, మూడో రోజు

ముక్కలు పట్టుకుని మస్తాన్ దగ్గరికి పరిగెత్తాను. అతకవని నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా విరుస్తున్నవాడికి అతకవని తెలీదా? అయినా వెళ్ళాను.

మస్తాన్ రెండు ముక్కల్నీ అద్దం కింద కలిపి పెట్టి చూశాడు.

"పది నిమిషాలడిగాను బాబాయ్ గారూ," అన్నాడు. "పది నిమిషాలు."

కొట్టినా బాగుండేది. నేను ఆ బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. దుకాణం బయట ఇద్దరు నిలబడి ఉన్నా ఆపుకోలేకపోయాను.

ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. పాత ఫోన్లలో ఉన్నదంతా మొదటి పోటుకే పోయింది. లోకం మొత్తమ్మీద ఒక్క గాజు పళ్ళెంలో ఉండేది, దాన్ని ఎక్కువ ముక్కలు కాకుండా విరిచాను.

నలభై రెండో పోటు, అయిదో రోజు

తన సొంత గొంతుతో తాయారు ఆఖరుగా ఏమందో గుర్తు చేసుకుంటున్నాను. పోటుకి ముందు రోజు సాయంత్రం నేను ఈ పుస్తకం రాసుకుంటున్నాను. వంటింట్లోంచి ఏదో అంది. నేను ఊఁ అన్నాను. ఏమందో వినలేదు. పేజీ తిప్పి చూస్తే సీళ్ళు రాలేదనీ, మైనం తక్కువైందనీ రాసి ఉంది.

ఆమెనడిగాను, ఆ సాయంత్రం ఏమన్నావని. ఆలోచించింది. "ఏమోనండి, ఏదో కూరలో ఉప్పు సంగతేమో," అంది ఆ గొంతుతో. 

ఇవాళ మధ్యాహ్నం నన్ను తిట్టడానికి ప్రయత్నించింది. నేనే బతిమాలాను తిట్టమని. "మీ మొహం మండ, మీ ఆఫీసు తగలెయ్య" అంది. ఆ గొంతుకి కోపం చేతకాదు. బ్యాంకులో టోకెను నంబరు పిలిచినంత మర్యాదగా వచ్చింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. తర్వాత ఆమె ఏడ్చింది. ఏడుపుకి ఏ గొంతూ లేదు, ఊపిరి మాత్రం ఎగిరెగిరి పడింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

నలభై రెండో పోటు, పదిహేనో రోజు

డేవిడు మాస్టారు ఆఫీసుకి వచ్చారు, నా చేత ఎక్కాలు చెప్పించిన మాస్టారు. ఆయనకి కుడికాలు మోకాలి కింద నుంచి యంత్రం. చిన్నప్పట్నించీ ఓ చిన్న గెంతుతో నడిచేవారు, కాలు తీసేముందు ఆ నడకకే కొలతలు తీసి డిస్కులో పెట్టిచ్చారు. అదే కంపెనీ. డిస్కు మొరాయిస్తోందట, మూడుసార్లయ్యాక నాలుగోసారి ఎక్కిందట.

"రూలు ప్రకారం విరిచెయ్యవోయ్ కూర్మం," అని కాగితాలు బల్ల మీద పెట్టారు.

గుడ్డ తీశాను. గుడ్డ మడిచి పక్కన పెట్టి, బీరువాలోంచి ఆయన నకలు తెచ్చి సీలు తీసేశాను.

ఇందుమతి గారు లేచి నిలబడ్డారు. "అసలు విరవలేదండీ! అది నేరం."

"తెలుసండీ. రాసుకోండి. నా పేరే రాసుకోండి."

"ఎందుకొచ్చిన గొడవరా," అన్నారు మాస్టారు.

"ముందిది పెట్టి చూడండి మాస్టారూ. మీకు దండం పెడతాను."

ఎక్కించాం. మాస్టారు లేచి రెండడుగులు వేశారు. కాలు కవాతు చేసే పోలీసు కాలులా నిటారుగా లేచి నేలకేసి కొట్టింది. ఆయన తూలి బల్ల పట్టుకున్నారు. మొహం తెల్లబోయింది. మళ్ళీ ఆయన అసలు డిస్కే పెట్టి, తొమ్మిదోసారికి ఎక్కించగలిగాను. ఆయన తన గెంతు నడకతో గది అంతా ఒకసారి తిరిగొచ్చి, డిస్కుని చొక్కా లోపల పెట్టుకున్నారు.

"ఇక్కణ్ణించి తిన్నగా మస్తాన్ దుకాణానికి వెళ్ళండి," అన్నాను, ఇందుమతి గారు వింటూండగానే. ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

రిజిస్టరులో, అసలు విరవకుండా నకలు పరీక్షించడమైనది, నకలు బోలు, అని రాసి సంతకం పెట్టాను. మా బీరువాల్లో నాలుగువేల నకళ్ళున్నాయి. వాటిలో మనుషుల నడకలూ చూపులూ గొంతులూ ఎన్నున్నాయో.

నలభై రెండో పోటు, ఇరవయ్యో రోజు

సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. నాలుగువేల నకళ్ళ సంగతి చూడటానికి కమిటీ వేశారట. కమిటీ నివేదిక వచ్చేదాకా నకళ్ళని పరీక్షించడం యథాప్రకారం నిషేధం. మరి కమిటీ ఏం చూసి నివేదిక రాస్తుందో ఉత్తర్వులో లేదు.

తాయారుకి చదివి వినిపించాను. "మంచి పని చేశారు," అంది. ఆమె కళ్ళు నిజంగానే ఆ మాట అన్నాయి. గొంతు మాత్రం దరఖాస్తు అందినదని చెప్పినట్టుంది. తన గొంతే ఉంటే, "ఇప్పటికొచ్చిందా బుద్ధి" అని మొదలెట్టి వంటింటిదాకా సాగదీసేది. ఆ దీర్ఘం కోసం నా చెవులు ఎదురు చూశాయి. నా మొహంలో అది కనిపించినట్టుంది, ఆమె చూపు తిప్పుకుంది.

నలభై మూడో పోటు, ఒకటో రోజు

పంపు, పొయ్యి. తర్వాత ఇద్దరం ఆ నకలు వైపు చూస్తూ కూర్చున్నాం. "ఎక్కించనా?" అన్నాను. పలక మీద, మార్కెట్లో బేరమాడాలిగా, అని రాసింది. ఎక్కించాను. మొదటిసారికే ఎక్కింది. దానికి గీతలు లేవు.

నలభై మూడో పోటు, తొమ్మిదో రోజు

పొద్దున మార్కెట్టుకి వెళ్ళాం. ఆమె చేపల వైపు వెళ్ళింది, నేను తోటకూర కట్టలు ఏరుతున్నాను. జనం బాగా ఉన్నారు. ఈ కంపెనీ గొంతు మా ఊళ్ళో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళకుంది. మార్కెట్టు గేటు కూడా ఆ గొంతుతోనే, దయచేసి దారి ఇవ్వండి, అంటుంది.

వెనకనుంచి ఏవండీ అని వినబడింది. నేను కట్ట విప్పి పుచ్చులు చూస్తున్నాను. మళ్ళీ ఏవండీ. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారనుకున్నాను. మూడోసారి ఇంకాస్త దగ్గర్నించి. తోటకూర అమ్మే ఆవిడ నా వెనక్కి చూసి, "అయ్యా, తవర్నేనండి," అంది.

తిరిగాను. నాలుగడుగుల దూరంలో తాయారు. చేతిలో చేపల సంచీ. చీర కుచ్చిళ్ళు తడిసిపోయి ఉన్నాయి, కాలు జారి బురదలో కూర్చుండిపోయిందట, లేవడానికి చెయ్యిస్తానేమోనని పిలిచిందట. ఇవన్నీ నాకు ఆమె చెప్పలేదు, చేపలమ్మే మనిషి చెప్పాడు. మూడుసార్లు పిలిచింది. నేను పలకలేదు. ఆమెను లేవదీసింది అతనే.

"తాయారూ, నువ్వనుకోలేదే," అన్నాను.

నా మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపం ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. చెయ్యెత్తి, మెడ దగ్గర పెట్టె మీట ఆపేసింది. చేపల సంచీ నా చేతికిచ్చి, తోటకూర కట్టలు తను అందుకుని, ముందు నడిచింది.

ఇంటికొచ్చాక డిస్కు నేనే తీసి చేతికిచ్చాను, మళ్ళీ ఎక్కిద్దామని. వద్దని తలూపింది. ఇప్పుడు వంటింట్లోంచి నేను కావలసినప్పుడల్లా చప్పట్లు కొడుతోంది. రెండు చప్పట్లు. ఒక్కసారి కొట్టగానే లేచి పరిగెత్తుతున్నాను, రెండోసారి కొట్టే అవసరం ఆమెకు రాకుండా.